మానసిక అనారోగ్యంతో జీవిస్తూ ఇల్లు వెతుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు బైపోలార్ జబ్బు ఉంది. కొన్నాళ్ళు మనసు అతి ఉత్సాహంతో ఉన్మాదంలోకి, కొన్నాళ్ళు లోతైన దిగులులోకి వెళ్ళే జబ్బు ఇది. పద్దెనిమిదేళ్ళుగా మందులు వాడుతున్నాను. తొమ్మిదేళ్ళుగా హైదరాబాదులో అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఈ తొమ్మిదేళ్ళలో నాలుగు ఇళ్ళు మారాను. ఒకసారి ఆసుపత్రిలో చేరి, తిరిగి అదే ఇంటికి వచ్చాను. ఈ సంగతి తెలిసినవారు, వారి ద్వారా విన్నవారు నాకు ఫోను చేస్తుంటారు. వారిలో సగం మంది తల్లులే. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను వైద్యురాలిని కాను, న్యాయవాదిని కాను. మందుల విషయం మీ డాక్టరుతో, ఆస్తి విషయం న్యాయవాదితో మాట్లాడాలి. ఇల్లు విషయం మాత్రం నాతో మాట్లాడవచ్చు.

నేను ఒంటరిగా ఉండగలనా? అది ఎలా తెలుస్తుంది?

మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: “ముందు పూర్తిగా బాగుపడు, ఇల్లు సంగతి తర్వాత చూద్దాం.” ఆ “పూర్తిగా” కోసం నేను ఆరేళ్ళు ఎదురుచూశాను. షుగరు, బీపీ ఉన్నవారికి రానట్టే నా జబ్బులో కూడా ఆ రోజు రాలేదు. అందుకే ప్రశ్నను మార్చుకోమంటాను. రోజు గడవడానికి నాకు ఏమేం కావాలి? అందులో నేను చేసుకోగలిగినవి ఎన్ని? మిగిలినవి ఎవరు చేస్తారు?

ఒక కాగితం మీద రాసుకోండి. నా కాగితం ఇలా ఉండేది. మాత్రలు వేసుకోవడం నేనే చూసుకుంటాను. కరెంటు బిల్లు మరిచిపోతాను కాబట్టి బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్టుకునేలా పెట్టాను. దిగులు కమ్మిన వారాల్లో వంట చేయలేను, అప్పుడు పక్క వీధిలోని ఒక అమ్మ క్యారేజీ పంపుతుంది. నిద్ర తగ్గుతూ జబ్బు పైకి లేస్తున్నప్పుడు ఆ మార్పు నా కంటికి ఆనదు. అక్క రోజూ రాత్రి తొమ్మిదికి ఫోను చేసి “నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు?” అని అడుగుతుంది. ఈ చివరిది కాగితం మీద పెట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. నా గురించి నాకు తెలియనిది ఇంకొకరికి ముందు తెలుస్తుందని ఒప్పుకోవడం కష్టం.

“ఇంకొకరు చేయాలి” అన్న వరుసలో ఒక ఫోను, ఒక క్యారేజీ, నెలకోసారి ఒక మనిషి రాక ఉంటే అద్దె ఇల్లు చాలు. రోజూ దగ్గరుండి మాత్రలు ఇవ్వాలి, స్నానం గుర్తుచేయాలి, బయటికి తోడు రావాలి అని ఉంటే ఆసరాతో కూడిన వసతి చూడాలి. ఇది ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న లెక్క కాదు. ఈ ఏడాది ఆసరా వసతిలో ఉన్నవారు వచ్చే ఏడాది సొంతంగా ఉండవచ్చు, అటువారు ఇటు రావచ్చు.

“ముందు ఇల్లు, తర్వాత మిగతావి” అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త, తీవ్రమైన మానసిక జబ్బుతో వీధుల్లో ఉంటున్నవారికి ముందుగా ఏ షరతూ పెట్టకుండా ఫ్లాట్లు ఇప్పించి, సహాయకుల బృందాన్ని అక్కడికే పంపడం మొదలుపెట్టారు. వారిలో ఎక్కువమంది ఆ ఇళ్ళను నిలబెట్టుకున్నారు. తర్వాత కెనడా ప్రభుత్వం అయిదు నగరాల్లో పరీక్షించి చూసినా అదే తేలింది.

ఇంట్లోవాళ్ళతో ఉండడమే మంచిది కదా? బయటికి పంపితే వదిలించుకున్నట్టు కాదా?

ఇది తల్లులు అడిగే ప్రశ్న. గొంతు వణుకుతూ అడుగుతారు.

1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆసుపత్రి నుంచి బయటికి వెళ్ళిన స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటివి ఉండే జబ్బు) రోగులను గమనించారు. తల్లిదండ్రుల దగ్గరికి, భార్య దగ్గరికి వెళ్ళినవారికంటే అద్దె గదులకు, తోబుట్టువుల ఇళ్ళకు వెళ్ళినవారికి జబ్బు తక్కువగా తిరగబెట్టింది. ప్రేమ లేక కాదు. రోజంతా ఎదురెదురుగా ఉండడం, ప్రతి కదలికనూ గమనించడం, “ఇంకా పడుకున్నావా”, “మాత్ర వేసుకున్నావా”, “అలా ఎందుకు నవ్వుతున్నావు” అనే మాటలు మెదడుకు మోయలేని బరువవుతాయి. ఆ తర్వాత చండీగఢ్‌లో చేసిన పరిశీలనలో మన కుటుంబాలు లండన్ కుటుంబాలకంటే చాలా తక్కువగా విమర్శిస్తాయని కూడా తేలింది. అది మన బలమే. ఆ బలం మిగలాలంటే అమ్మకూ కాస్త ఊపిరి ఆడాలి.

నేను వేరే ఇంటికి వెళ్ళాక మా అమ్మ, నేను మళ్ళీ సినిమాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అంతకుముందు నాలుగేళ్ళు మా మధ్య మాత్రల మాట తప్ప మరో మాట లేదు. వేరుగా ఉండడం వదిలేయడం కాదమ్మా. ఆదివారం భోజనానికి పిలవండి, వెళ్ళేటప్పుడు పచ్చడి సీసా కట్టి ఇవ్వండి.

ఏయే రకాల వసతులు ఉంటాయి?

హాఫ్‌వే హోమ్ అంటే ఆసుపత్రికీ ఇంటికీ నడుమ మజిలీ. కొన్ని నెలల నుంచి ఒకటి రెండేళ్ళ వరకు ఉండి, వంట, డబ్బు లెక్క, బస్సు ప్రయాణం, ఏదైనా పని అలవాటు చేసుకుని బయటికి రావాలి. గ్రూప్ హోమ్ అంటే మామూలు వీధిలో మామూలు ఇల్లు. అందులో కొందరు కలిసి ఉంటారు, ఒకరిద్దరు సహాయకులు ఉంటారు. కావాలంటే జీవితాంతం ఉండవచ్చు. ఇవి కాక దీర్ఘకాలిక పునరావాస కేంద్రాలున్నాయి, మందుల పర్యవేక్షణ చేస్తామని చెప్పే ప్రైవేటు హాస్టళ్ళున్నాయి. వేరే దారి లేక యాభై ఏళ్ళవారిని వృద్ధాశ్రమంలో చేర్చే కుటుంబాలూ ఉన్నాయి.

గ్రూప్ హోమ్ అంటే ఎలా ఉండాలో చూడాలంటే చెన్నైలో బన్యన్ సంస్థ చేస్తున్న పని చూడాలి. 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ వీధిన పడ్డ స్త్రీల కోసం దాన్ని స్థాపించారు. “హోమ్ అగైన్” పేరుతో నలుగురైదుగురిని కలిపి ఊళ్ళో మామూలు అద్దె ఇళ్ళలో ఉంచుతారు. ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉన్నవారు కూరగాయలు బేరమాడుతూ, పక్కింటివారి పెళ్ళికి వెళుతూ బతుకుతున్నారు. బెంగళూరులో రిచ్‌మండ్ ఫెలోషిప్ సొసైటీ హాఫ్‌వే హోమ్‌లు నడుపుతోంది. అనంతపురం, చిత్తూరు వైపు కుటుంబాలు వైద్యానికి ఎలాగూ బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళుతుంటాయి కాబట్టి అక్కడి సామాజిక కార్యకర్తలనే వసతి గురించి కూడా అడగండి. ఆ అడగడం చాలామందికి తట్టదు. మందుల చీటీ తీసుకుని వచ్చేస్తారు.

మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటివి తక్కువ. ఉన్నవి చాలావరకు ప్రైవేటువి, పెద్ద నగరాల చుట్టూ ఉన్నవి. మంచి చోట ఖాళీ కోసం ఆగవలసి వస్తుంది. అందుకే ఆసుపత్రి నుంచి పంపించే రోజున కాకుండా, చేరిన వారం నుంచే వెతకడం మొదలుపెట్టాలి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలోనైనా, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రిలోనైనా వార్డు డాక్టరుతో పాటు సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను తప్పక కలవండి. ఆ రెండు చోట్ల పేర్లను తిట్టుగా వాడడం మన భాషలో ఒక పాడు అలవాటు. నాకు నిద్ర తిరిగి ఇచ్చింది అలాంటి ఒక వార్డే.

ఒక హోమ్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ముందు ఒక తేదీ గుర్తుంచుకోండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఒక ప్రైవేటు హోమ్‌కు నిప్పంటుకుంది. 28 మంది చనిపోయారు. లేచి పరుగెత్తలేకపోయారు, ఎందుకంటే వాళ్ళను గొలుసులతో కట్టి ఉంచారు. అలాంటి చోట్ల మనుషులను చేర్చేది చాలావరకు కుటుంబాలే. నిస్సహాయతతో, నమ్మకంతో చేర్చి ఉంటారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. బలవంతంగా గుండు చేయడం కుదరదు. సొంత బట్టలు కట్టుకోనివ్వాలి. జీతం లేకుండా పని చేయించకూడదు. వ్యక్తిగత గోప్యత, శుభ్రత, తగిన ఆహారం హక్కులని రాసింది. మానసిక జబ్బు ఉన్నవారిని చేర్చుకుని సంరక్షణ, పునరావాసం పేరుతో ఉంచుకునే ఏ సంస్థ అయినా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కాబట్టి మొదట రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. తడబడితే అక్కడి నుంచి లేచి రండి.

పత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు. చెప్పకుండా వెళ్ళండి, వీలైతే భోజనం వేళకు. బాత్రూముకు లోపల గడియ ఉందా? అక్కడ ఉంటున్నవారిని “పొద్దున ఏం తిన్నారు?” అని అడగండి. సమాధానం ఇచ్చే ముందు వారు వార్డెను ముఖం వైపు చూస్తే అక్కడి సంగతి మీకు అర్థమైనట్టే. ఫోను ఎప్పుడు ఇస్తారు, బయటికి ఎవరితో వెళ్ళవచ్చు, చిల్లర డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, డాక్టరు ఎన్నాళ్ళకోసారి వస్తారు, రాత్రి ఎవరుంటారు, అన్నీ అడగండి. మా బంధువుల అమ్మాయి కోసం నేను చూసిన ఒక చోట ఆడవాళ్ళందరికీ ఒకే రంగు నైటీలు. ఎవరి నైటీ ఎవరిదో కూడా తేడా లేదు, ఉతికి వచ్చినది తొడుక్కోవడమే. గదులు శుభ్రంగానే ఉన్నాయి, ఫీజూ ఎక్కువే. నేను వద్దన్నాను.

అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: “గత ఏడాది ఇక్కడి నుంచి ఎంతమంది ఇంటికో, సొంత గదికో వెళ్ళారు?” నడిపేవారి ముఖం వెలిగి, పేర్లు చెప్పకుండానే ఇద్దరు ముగ్గురి కథలు చెబితే మంచి చోటని అర్థం. “వెళ్ళడమేమిటండీ, వీళ్ళు ఎక్కడికి వెళతారు?” అంటే అది హాఫ్‌వే హోమ్ కాదు.

నాకు ఇష్టం లేకుండా నన్ను హోమ్‌లో చేర్చవచ్చా?

పెద్దవారిని కేవలం ఇంట్లోవారి మాట మీద చేర్చడం చట్టం ఒప్పుకోదు. మీ అంతట మీరు చేరితే, వెళ్ళిపోతానని అడిగినప్పుడు పంపించాలి. ఆపడానికి గట్టి వైద్య కారణం ఉందనుకుంటే 24 గంటల వరకు ఆపి పరీక్షించవచ్చు, అంతే. మీ సమ్మతి లేకుండా చేర్చాలంటే వైద్య నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, మొదట 30 రోజుల గడువు ఉంటుంది, రోగుల హక్కులను చూసేందుకు ఆ చట్టం ఏర్పరచిన మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలియజేయాలి. మీరు ఆ మండలికి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు.

ఇంటి యజమానికి జబ్బు సంగతి చెప్పాలా?

చెప్పాలని ఏ చట్టమూ లేదు. మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచవలసిన బాధ్యత ఆసుపత్రిది, అడిగినా ఇంటి యజమానికి ఇవ్వకూడదు.

ఇక మనుషుల సంగతి. టు-లెట్ బోర్డు చూసి వెళితే మన దగ్గర అడిగేవి తెలిసినవే: కులమేమిటి, మాంసం తింటారా, పెళ్ళయిందా, ఎందుకు కాలేదు, ఎవరెవరు వస్తుంటారు. ఈ వరుసలో జబ్బు కూడా చేరితే తలుపు మూసుకుంటుంది. చట్టం చూపించి వాదించి ఇల్లు సంపాదించినవారిని నేను ఇంతవరకు చూడలేదు. మొదటి ఇంట్లో అన్నీ చెప్పాను. అడ్వాన్సు ఇచ్చిన మూడో రోజు “మా అత్తగారు ఒప్పుకోవడం లేదమ్మా” అని తిరిగి ఇచ్చేశారు. రెండో ఇంట్లో ఏమీ చెప్పలేదు. ప్రతి నెలా మందుల డబ్బాలు నల్ల కవరులో చుట్టి చెత్తబండిలో వేసేదాన్ని. ఆ దాచుకోవడమే ఒక జబ్బులా ఉండేది.

మూడో ఇంటికి వచ్చేసరికి నాకు ఒక పద్ధతి కుదిరింది. చేరేటప్పుడు చెప్పలేదు. అయిదారు నెలలు అద్దె తప్పకుండా కట్టి, వారింట్లో చంటిపిల్లను ఎత్తుకుని, నా మీద నమ్మకం ఏర్పడ్డాక ఇంటావిడతో ఇంత మాత్రం అన్నాను: “నాకు నిద్రకు సంబంధించిన ఆరోగ్య సమస్య ఉందండీ, మందులు వాడుతున్నాను. ఎప్పుడైనా నేను రెండు రోజులు కనిపించకపోతే, రాత్రంతా లైటు వెలుగుతూ ఉంటే మా అక్కకు ఫోను చేయండి.” అది అబద్ధం కాదు, అవసరమైనంత నిజం. అందరికీ ఇదే సరిపోతుందని అనను. జబ్బు లక్షణాలు బయటికి కనిపించేలా ఉంటే, పైకే మాట్లాడుకోవడం, అటూ ఇటూ నడవడం వంటివి ఉంటే, పొరుగువారు తమకు తోచినది ఊహించుకోకముందే ఒక్క మాట చెప్పి ఉంచడం మేలు.

అద్దె ఒప్పందం మీద నా సంతకం చెల్లుతుందా?

చెల్లుతుంది. మానసిక జబ్బు ఉందని నిర్ధారణ అయినంత మాత్రాన “మతిస్థిమితం లేనివారు” అని అర్థం కాదని 2017 చట్టం స్పష్టంగా చెప్పింది, దానికి కోర్టు ప్రకటన కావాలి. 1872 కాంట్రాక్టు చట్టం కూడా, అప్పుడప్పుడు మతి కుదురుగా లేనివారు సైతం కుదురుగా ఉన్న సమయంలో చేసుకున్న ఒప్పందం చెల్లుతుందనే అంటుంది. మీరు మీ పేరునే ఒప్పందం రాయించుకోండి. నాన్న పేరునో అన్న పేరునో రాస్తే ఆ ఇంట్లో మీరు అతిథి అవుతారు.

ఎలాంటి ఇల్లు చూడాలి?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, ఎవరూ సరిగ్గా అడగరు.

మేడ మీద ఒంటి గది చవగ్గా దొరుకుతుంది. దానికి మోజు పడకండి. మే నెలలో రేకుల కింద, పైకప్పు వేడెక్కిన గదిలో మామూలు మనిషికే ప్రాణం పోతుంది. బైపోలార్‌కు ఇచ్చే లిథియం మందు వాడేవారికి చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. సైకోసిస్‌కు (ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితికి) వాడే కొన్ని మందులు ఒళ్ళు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. రెంటచింతలలోనైనా, రామగుండంలోనైనా, హైదరాబాదులోనైనా మధ్య అంతస్తు, గాలి వచ్చే కిటికీ, ఆగకుండా వచ్చే మంచినీళ్ళు మీ వైద్యంలో భాగమే అనుకోండి.

రెండోది నిద్ర. బైపోలార్ ఉన్నవారికి రెండు రాత్రులు నిద్ర లేకపోయినా ఉన్మాద దశ మొదలవవచ్చు. ఫంక్షన్ హాలు పక్కన, బస్టాండు ఎదురుగా, వినాయక మండపం పెట్టే కూడలిలో ఇల్లు వద్దు. పగలు ఒకసారి, రాత్రి పదకొండుకు ఒకసారి వెళ్ళి ఆ వీధిలో నిలబడి వినండి.

నడిచి వెళ్ళేంత దూరంలో మందుల దుకాణం, కిరాణా కొట్టు, టిఫిన్ బండి ఉండాలి. దిగులు పట్టినప్పుడు మూడు కిలోమీటర్లు కూడా మూడు వందల కిలోమీటర్లే. మీ మనిషి ఒకరు గంటలోపు చేరుకోగలిగే చోటు చూడండి. మొదటిసారి వెళుతుంటే మరీ మూలగా ఉన్న ఇల్లు కాకుండా, యజమానులు కిందే ఉండే ఇల్లు నయం. కొంత ఆరా ఎక్కువే, కానీ మీరు ఉన్నారో లేదో ఒకరికి తెలుస్తుంది.

ఆడవాళ్ళకు వేరే దారులేమైనా ఉన్నాయా?

ఉద్యోగం చేసే మహిళలకు కేంద్రం మిషన్ శక్తి కింద సఖి నివాస్ హాస్టళ్ళు, నిరాశ్రయులైన మహిళలకు శక్తి సదన్‌లు ఉన్నాయి. 181కు ఫోను చేస్తే దగ్గరలోని కేంద్రం చెబుతారు. ఇవి మానసిక జబ్బు కోసం ఏర్పడినవి కావు, మందులు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం మీరే చూసుకోగలగాలి. ప్రైవేటు హాస్టలులో చేరితే మాత్రలు తాళం వేసుకోగలిగే అరలో పెట్టుకోండి. కుతూహలం కొద్దీ తీసి, పేరు ఫోనులో వెతికి, హాస్టలంతా చెప్పే అమ్మాయి ఒకరు ఎప్పుడూ ఉంటారు.

ఖర్చు ఎలా? ప్రభుత్వం నుంచి ఏమి వస్తుంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దివ్యాంగుల పింఛను తెలంగాణలో 2023 జూలైలో నెలకు రూ. 4,016 అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి రూ. 6,000. మిగతా అర్హతలు కూడా చూస్తారు. ఈ డబ్బుతో నగరంలో గది రాదు, కానీ చిన్న పట్టణంలో ఇద్దరు కలిసి తీసుకున్న ఇంటి అద్దెకు నిలబడుతుంది. అదే చట్టం ప్రభుత్వ గృహ పథకాల కేటాయింపుల్లో 5 శాతం దివ్యాంగులకు, అందులో స్త్రీలకు ప్రాధాన్యంతో, ఇవ్వాలంటుంది. దరఖాస్తులో ఆ గడి నింపడం మరిచిపోకండి. ఆదాయపు పన్ను కట్టే దివ్యాంగులకు, వారిని చూసుకునే కుటుంబానికి పన్ను మినహాయింపు ఉంది. అది పాత పన్ను విధానంలోనే.

ధ్రువపత్రానికి ముందుగా స్లాటు తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రి బోర్డు ముందుకు వెళ్ళాలి. సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని, ఈ నాలుగింటికీ, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదానికీ మార్కులు వేస్తారు. ఇక్కడ ఒక తప్పు అందరూ చేస్తారు. బోర్డు ముందుకు మంచి బట్టలు వేయించి, “డాక్టరు గారికి చక్కగా సమాధానం చెప్పు నాన్నా” అని బుజ్జగించి తీసుకువెళతారు. ఆ పది నిమిషాలు పిల్లవాడు చక్కగా చెబుతాడు, 30 శాతం వేసి పంపుతారు. పాత చీటీలన్నీ తీసుకువెళ్ళండి, చెడ్డ రోజులు ఎలా ఉంటాయో దాచకుండా చెప్పండి.

“ఆ కాగితం ఉంటే ముద్ర పడిపోతుంది కదా” అని నన్ను అడుగుతారు. ఆ కాగితాన్ని మీరు చూపిస్తే తప్ప ఎవరూ చూడరు. అవసరమైన చోట చూపండి, అక్కర్లేని చోట బీరువాలో ఉంచండి.

ఇంట్లోంచి వెళ్ళిపొమ్మంటున్నారు. నాకు హక్కు లేదా?

ఉంది. జబ్బు కారణంగా ఎవరికీ వారసత్వం పోదని 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. 2005 సవరణతో కూతురికీ కొడుకుతో సమానంగా పూర్వీకుల ఆస్తిలో వాటా ఉంది. పెళ్ళయిన స్త్రీని భర్త, అత్తింటివారు తాను ఉంటున్న ఇంట్లోంచి గెంటేయకుండా 2005 గృహహింస చట్టం కాపాడుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్, కుటుంబం వదిలేసినవారికి సొంత ఇంట్లో ఉండే హక్కును నిలబెట్టుకోవడానికి ప్రభుత్వమే న్యాయ సహాయం అందించాలంటుంది. జాతీయ న్యాయ సేవల సంస్థ ఫోను నంబరు 15100. స్త్రీలకు, వైకల్యం ఉన్నవారికి న్యాయవాది ఉచితం.

ఒక్క మాట. కోపం మీదో, దిగులు మీదో ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. “వాటా వదులుకుంటున్నాను” అనే కాగితాలు మన ఇళ్ళలో సరిగ్గా ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే ముందుకు వస్తాయి.

మా అన్నయ్య పదేళ్ళుగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. డాక్టర్లు పంపిస్తామంటున్నారు, మాకు ఉంచుకునే వీలు లేదు.

ఇంట్లో ఉంచుకోలేనని చెప్పడం తప్పు కాదు. కానీ ఇల్లు లేదన్న కారణంతోనో, కుటుంబం రానివ్వడం లేదన్న కారణంతోనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని చట్టం అంటోంది. హాఫ్‌వే హోమ్‌లు, గ్రూప్ హోమ్‌లు ఏర్పాటు చేయవలసింది ప్రభుత్వమే. న్యాయవాది గౌరవ్ కుమార్ బన్సల్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017లో రాష్ట్రాలకు ఈ సంగతే గట్టిగా చెప్పింది. జిల్లా కలెక్టరుకు, సమీక్షా మండలికి రాతపూర్వకంగా అడగండి. మీరు చేయగలిగినది కూడా అందులో రాయండి: నెలకోసారి వచ్చి చూస్తాం, పండక్కి ఇంటికి తీసుకువెళతాం అని. పదేళ్ళ తర్వాత ఆ మనిషికి గది ఎంత ముఖ్యమో, అడిగేవారు ఒకరున్నారన్నదీ అంతే ముఖ్యం.

జబ్బు తిరగబెడితే ఇల్లు పోతుందా?

ముందే సిద్ధపడితే పోదు. నా విషయంలో పోలేదు కాబట్టి ఏం చేశానో చెబుతాను.

మూడు నెలల అద్దె వేరే ఖాతాలో ఎప్పుడూ ఉంచుతాను. దాన్ని కదిపే అధికారం అక్కకు కూడా ఉంది. ఉన్మాద దశలో నేను ఖర్చుపెట్టేయకుండా ఆ కార్డు కూడా అక్క దగ్గరే. రెండో తాళంచెవి అదే ఊళ్ళో ఉన్న స్నేహితురాలి దగ్గర ఉంటుంది. జబ్బు ఎక్కువైనప్పుడు ఎలాంటి వైద్యం కావాలి, ఏది వద్దు అనేది ముందస్తు ఆదేశంగా రాసి పెట్టాను. నా తరఫున మాట్లాడే ప్రతినిధిగా అక్కను నియమించుకున్నాను. ఈ రెండూ 2017 చట్టం ఇచ్చిన హక్కులు. ఒక కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంటుంది: గ్యాసు కట్టెయ్యాలి, పాలు ఆపించాలి, తులసికి నీళ్ళు, ఆఫీసులో ఎవరికి చెప్పాలి.

మందులు మాత్రం సొంత నిర్ణయంతో మానకండి. కొత్త ఇంటి ఉత్సాహంలో “ఇప్పుడు బాగానే ఉన్నాను కదా” అనిపించే మొదటి మూడు నెలలే ఎక్కువ ప్రమాదం. మనసు చేయి దాటుతోందనిపించినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మేము పోయాక మా వాడికి ఎవరు?

అరవై దాటిన తల్లిదండ్రుల ప్రశ్న. మొదట ఒక అపోహ తీసేస్తాను. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద ఉన్న గృహ, బీమా పథకాలు ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు మాత్రమే. స్కిజోఫ్రేనియా, బైపోలార్ వాటిలోకి రావు. వాటి కోసం ఏళ్ళు తిరిగి అలసిపోయినవారున్నారు.

చేయగలిగినవి మూడు. ఇల్లు మొత్తం పెద్దకొడుకు పేర రాసి “తమ్ముణ్ణి చూసుకో” అని నోటిమాటగా చెప్పి వదిలేయకండి. వీలునామాలో ఆ ఇంట్లో చిన్నవాడికి జీవితాంతం నివసించే హక్కు రాయండి. డబ్బు ఉంటే, నమ్మకమైన ఇద్దరు ముగ్గురు ధర్మకర్తలతో ప్రైవేటు ట్రస్టు పెట్టి నెలనెలా ఖర్చుకు వచ్చేలా చేయండి. అన్నిటికంటే ముందు, మీరు బతికి ఉండగానే సాధన మొదలుపెట్టండి. ఒక పది రోజులు తీర్థయాత్రకు వెళ్ళి అతన్ని ఒంటరిగా ఉండనివ్వండి. తర్వాత నెల. ఏది ఆగిపోయిందో అప్పుడు తెలుస్తుంది, సరిదిద్దడానికి మీరింకా ఉంటారు. తల్లి పోయిన పదమూడో రోజున మొదటిసారి స్టవ్ వెలిగించడం నేర్చుకున్న యాభై రెండేళ్ళ మనిషి నాకు తెలుసు. నేర్చుకున్నాడు. కానీ అది నేర్చుకోవలసిన రోజు కాదు.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడ ఎలా?

1988 సవరణ తర్వాత అక్కడి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం వైకల్యం ఉందని ఇల్లు నిరాకరించకూడదు, మానసిక జబ్బు కూడా అందులోకి వస్తుంది. అద్దె సాయం, గ్రూప్ హోమ్‌లు రాష్ట్రాన్ని బట్టి, వీసా స్థితిని బట్టి ఉంటాయి. ఫౌంటెన్ హౌస్ పేరుతో 1948లో న్యూయార్క్‌లో మొదలైన క్లబ్‌హౌస్‌ (మానసిక జబ్బు ఉన్నవారే సభ్యులుగా కలిసి పనిచేసుకునే చోటు) వంటివి దగ్గరలో ఉన్నాయేమో చూడమనండి, అక్కడ ఇంటి దారులు తెలిసినవారు ఉంటారు. మనసు చేయి దాటే అత్యవసరంలో 988కు ఫోను చేయమనండి. పరువు పోతుందని అక్కడి తెలుగువారికి చెప్పకుండా దాచే తల్లిదండ్రులను చూశాను. ఒక్కరికైనా చెప్పండి. పన్నెండు వేల కిలోమీటర్ల దూరం నుంచి మీరు తలుపు తట్టలేరు.

నేను ఇంటి యజమానిని. పై వాటాలో ఉన్న అమ్మాయి మానసిక జబ్బుకు మందులు వాడుతోందని తెలిసింది. ఏం చేయాలి?

అద్దె వస్తోందా? నీళ్ళ మోటారు వంతు చూస్తోందా? అయితే చేయవలసిందేమీ లేదు. ఆమె ఇష్టపడితే ఇంటివాళ్ళ ఫోను నంబరు ఒకటి తీసుకుని ఉంచుకోండి.

నేను ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు ఉండి ఆ మూడో ఇంటికి తిరిగి వచ్చిన సాయంత్రం, ఇంటావిడ గేటు తీశారు. ఏమి అడుగుతారో అని నేను తల వంచుకుని నిలబడ్డాను. “ట్యాంకు కడిగించామమ్మా, రేపు పొద్దున మొదటి బకెట్టు పారబోసి పట్టుకో” అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి నా పాల ప్యాకెట్టు తెచ్చి ఇచ్చారు.